మోపు కట్టుకు చాలని గడ్డి

1967 అక్టోబరు. నాయుడుపేటలో కాపురముంటూ గ్రామసేవక్ ఉద్యోగం చేస్తున్న రోజులు. దొరవారిసత్రం నుంచి తూర్పుగా పులికాట్ ఉప్పునీళ్ళ దాకా ఉన్న కొన్ని ఊళ్ళు నావి. నావి అంటే వాటిలో నాకు సెంటు భూమి ఉందని కాదు. ఒక సైకిలూ, ఒక గుడ్డసంచీ, సంచిలో పురుగుమందుల పొట్లాలూ, ఎరువుల కరపత్రాలూ ఉండేవి. ఉద్యోగం పేరులో సేవ ఉంది కానీ నిజానికి సేవ చేసింది గ్రామాలే. ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు మజ్జిగ పోసేవారు. సైకిలు పంక్చరైతే ఎవరో ఒకరు ఎద్దుల బండి మీద వేసి రోడ్డు దాకా తెచ్చేవారు. బదులుగా నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఈ బేరంలో నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఆ ఏడు మా మీద పడ్డ పెద్ద పని పొట్టి వరి. ఐ.ఆర్. ఎనిమిది అనే కొత్త విత్తనం వచ్చింది, రైతుల చేత వేయించాలి. మా వైపు తరతరాలుగా పండేది మొలగొలుకులు. మనిషి భుజం దాకా పెరిగే వరి, సన్నటి అన్నం. కాకపోతే దానికి ఎరువు కాస్త ఎక్కువైతే విందు తిన్న పెద్దమనిషిలా పక్కకు ఒరిగి పడుకుంటుంది. కొత్తది నడుము దాటదు. ఎంత తినిపించినా నిటారుగా నిలబడి గింజ పెడుతుంది, దాదాపు రెట్టింపు పెడుతుంది. దీన్ని ప్రచారం చెయ్యడానికి నేనే ఒక నినాదం కట్టాను: ‘పొట్టి వరి, పొట్టకు సిరి.’ పైవాళ్ళు మెచ్చుకుని ఊరి గోడల మీద రాయించారు. నవంబరు వానలకు ‘సిరి’ కొట్టుకుపోయి ‘పొట్టి వరి, పొట్టకు’ మిగిలింది. అది చదివిన రైతులు నన్ను ఆపి, పొట్టకు ఏమవుతుందని కొంచెం భయంగానే అడిగేవారు.

కొత్త విత్తనం మీద నమ్మకం కుదరాలంటే డిమాన్‌స్ట్రేషన్ ప్లాట్ పెట్టాలి. అంటే ఒక రైతు పొలంలో మా కనుసన్నల్లో పంట వేయించి మిగతావాళ్ళకు చూపించడం. పులికాట్ వైపు ఒక ఊళ్ళో రమణయ్య నాయుడు అనే రైతు ఒప్పుకున్నాడు. చెరువు కింద మంచి మాగాణి ఉన్న మనిషి, అందులో సగానికి పైగా దీనికే ఇచ్చాడు. కొత్తదంటే భయం లేదు, పాతదంటే విసుగు లేదు. ఎవరినీ మోసగించినవాడని నేను వినలేదు. తన మాట తప్పడు, ఎదుటివాడు మాట తప్పితే ఊరుకోడు. అలాంటి రైతు దొరకడం నా అదృష్టమనుకున్నాను.

నాట్లు వేసింది పెంచలమ్మ ముఠా. ఆ ఊళ్ళో నాట్లకూ కోతలకూ ఆడవాళ్ళంతా ఒక ముఠాగా వచ్చేవారు, వాళ్ళకు పెద్ద ఆమె. నలభై దాటిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది, భూమి లేదు. ఆమెకున్న ఆస్తి ఒక బర్రె. దాన్ని పెయ్యగా ఉన్నప్పటి నుంచి పెంచుకొచ్చింది. పాలు నాయుడుపేట కాఫీ హోటలుకు వెళ్ళేవి. ఆ ఏడు అది మళ్ళీ చూడితో ఉంది. ముఠాలో మిగతావాళ్ళు కూలి చేసి బతికేవాళ్ళయితే, పెంచలమ్మ కూలితో బాటు బర్రె మీద బతికేది. అందుకే ఆమె మాటకు ఒక పిసరు ఎక్కువ బరువు.

డిసెంబరులో నేను టాప్ డ్రెస్సింగ్ చేయిస్తున్నాను. పెరిగే పైరు మీద మరోసారి ఎరువు చల్లడాన్ని అలా అంటాం. పెంచలమ్మ కలుపు తీస్తూ నడుము ఎత్తి చూసింది.

“ఏం నాయనా, ఈ వరి ఇంతేనా, ఇంకా ఎదుగుతాదా?”

“ఇంతే పెంచలమ్మా. పొట్టి రకం.”

“నీ మాదిరే ఉండాదే. నీక్కూడా ఎరువేసి చూసినారా యాడన్నా?”

చేను మొత్తం నవ్వింది. నా ఎత్తు గురించి ఆ ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ బహిరంగంగా చర్చించలేదు. ఆనాటి నుంచి నన్ను పొట్టివరి సారు అన్నారు. నినాదం కంటే ఈ పేరే ఎక్కువ ప్రచారం తెచ్చింది.

ఫిబ్రవరిలో చేను కోతకొచ్చింది. వెన్నులు బరువుతో వంగి, గట్టు మీద నిలబడితే పసుపు చాప పరిచినట్టుంది. పక్క ఊళ్ళ రైతులు వచ్చి చూసి పోతున్నారు. రమణయ్య నాయుడు తలపాగా కొత్తది చుట్టాడు. నేను కూడా ఆ వారం రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. దిగుబడి చూడ్డానికి బయలుదేరినవాణ్ణి నిలువునా దిగబడతానని అప్పటికి తెలియదు.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. కోతకూలి డబ్బు కాదు, గింజ కూడా కాదు. రోజు కోత ముగిశాక సాయంత్రం ప్రతి మనిషీ తను కోసిన వరిలోంచి ఒక మోపు కట్టుకుని నెత్తిన పెట్టుకుపోతుంది. ఆ మోపులోంచి గింజ రాల్చుకుంటే ఇంటికి తిండి, మిగిలిన గడ్డి పశువుకు మేత, పైకప్పు చిరుగులకు అతుకు. మోపు ఎంత ఉండాలి అన్నదానికీ ఒక కట్టుబాటు ఉంది. ఆ చేలో గడ్డే రెండు గుప్పెళ్ళు తీసుకుని, తలలు కలిపి ఒక్క ముడి వేస్తే ఒక కట్టు వస్తుంది. ఆ కట్టులో పట్టినంత వరి మోపు. అంతకంటే కొలత లేదు, తక్కెడ లేదు, తగువూ లేదు. వరి పొడుగ్గా ఎదిగినన్నాళ్ళు కట్టూ పొడుగ్గా వచ్చేది, మోపు మనిషి మోయగలిగినంత ఉండేది.

మొదటి రోజు సాయంత్రం పెంచలమ్మ రెండు గుప్పెళ్ళ గడ్డిని ముడేసి నేల మీద పరిచింది. మీద వరి పేర్చి కొసలు పట్టి లాగింది. కొసలు కలవలేదు. కొంత వరి తీసేసి లాగింది. కలవలేదు. మళ్ళీ తీసింది. చివరికి కొసలు కలిసేటప్పటికి మిగిలింది చంకన పెట్టుకుపోయేంత కట్ట.

“ఇది మోపా, పూలచెండా?” అంది. అని, మూడో గుప్పెడు గడ్డి తీసి రెండో ముడి వేయబోయింది.

గట్టు మీద నుంచి నాయుడు పిలిచాడు. “పెంచలమ్మా, ఒక్క ముడి. మీ అమ్మ కాలం నుంచీ ఉండే మాటే గదా.”

“మా అమ్మ కాలంలో వరి భుజం కాడికి వచ్చేది అయ్యా. ఆ వరి ఇప్పించండి, ఒక్క ముడే ఏస్తా.”

“నేనేమన్నా కొసలు కత్తిరించి దాచుకున్నానా? ఉండే గడ్డి అదే.”

“అయితే పక్క చేలో గడ్డి తెచ్చుకుని కట్టుకుంటాం. ఆడ మొలగొలుకులు ఉండాయి.”

“చేను నాది, కట్టు ఇంకొకరిదా? రేపు కొలత ఇంకొకరిది తెస్తావు.”

“మరి విత్తనం మార్చింది ఎవురు?”

ఇద్దరూ నావైపు చూశారు. వాళ్ళతో బాటు ముఠా అంతా చూసింది. గింజ రెట్టింపు వస్తుందని, ఎరువు తట్టుకుంటుందని, పడిపోదని నాకు పాఠం చెప్పి పంపారు. మోపు కట్టుకు గడ్డి చాలుతుందా అన్నది ఆ పాఠంలో లేదు. నేను దగ్గాను. దగ్గు ఉద్యోగంలో చాలాచోట్ల అక్కరకొచ్చింది, ఆ రోజు రాలేదు.

మర్నాడు ముఠా కోతకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పొట్టి వరి పండాక ఎక్కువ రోజులు ఆగితే గింజ రాలిపోతుంది. నాయుడు గట్ల మీద తిరుగుతూ వెన్నులు నలిపి చూసుకుంటున్నాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. “సారూ, మీ కాడ తక్కెడ ఉండాది గదా. పాత మోపులో గింజ ఎంత వస్తాదో తూయండి. నేను ఎవురి నోటి కాడ కూడూ తీయను. పాత మోపులో ఎంత ఉంటే అంత ఇస్తా.”

నా దగ్గర ఉన్నది స్ప్రింగ్ బ్యాలెన్స్, కొక్కేనికి తగిలిస్తే బరువు చూపే గొట్టం లాంటి తక్కెడ. పంట దిగుబడి కొలవడానికి ఇచ్చారు. పక్క చేలోంచి ఒక మొలగొలుకుల మోపు అడిగి తెచ్చి అందరి ముందూ కొట్టించి గింజ తూచాను. తర్వాత వాళ్ళకు తెలిసిన కుంచంతో కొలిచి చూపించాను. పెంచలమ్మ ఆ గింజల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది. ముఠాలో వాళ్ళతో పక్కకెళ్ళి గుసగుసలాడి వచ్చింది.

“సరే అయ్యా. మోపు వొద్దు. దీని మీద ఇంకో అరకుంచం కలిపి, రోజూ సాయంత్రం గింజే కొలిచి పోయించండి.”

“అరకుంచం దేనికి?”

“నీ చేలో ఈ ఏడు రెట్టింపు పండినాది గదా. మేం కోసేది రెట్టింపు గాదా?”

“గడ్డి?” అని నాయుడు అడగలేదు. నేనూ అడగలేదు. పెంచలమ్మా అనలేదు. అందరి కళ్ళూ గింజ మీదే ఉన్నాయి. నాయుడు కాసేపు గొణిగి, రాలిపోతున్న చేను చూసి ఒప్పుకున్నాడు.

కోత మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రం ముఠావాళ్ళు ఖాళీ నెత్తులతో, గింజ మూటలు చంకన పెట్టుకుని, పెళ్ళి నుంచి వస్తున్నట్టు ఇళ్ళకు పోయారు. మోత లేదు, ఇంటికెళ్ళి కొట్టుకునే పని లేదు, పైగా అరకుంచం ఎక్కువ. నాయుడు మాత్రం వారం రోజులు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. “తూచింది మీరు, నన్ను తూకమేసింది ఆ పెంచలమ్మ” అని నాతో అన్నాడు. గెలిచిందెవరో, ఓడిందెవరో ఆ ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు. కూలి పెరిగిందనీ, దిగుబడి పెరిగితే అందరికీ మేలేననీ ఆ నెల మీటింగులో ఉత్సాహంగా చెప్పాను.

పద్ధతులు మారడానికి తరాలు పడతాయంటారు. ఈ పద్ధతి ఒక్క కోతలో మారింది. మొలగొలుకులు వేసిన రైతులు కూడా, నాయుడు గింజ కొలుస్తున్నాడు గదా, మేమూ గింజే కొలుస్తాం అన్నారు. వాళ్ళ చేలల్లో కట్టుకు గడ్డి చాలినా ఇక మోపు కట్టించలేదు. మోపుతో కూలీల ఇళ్ళకు పోయే గడ్డి ఇప్పుడు రైతు కళ్ళంలోనే ఉండిపోయింది. ఆ ఏడు మద్రాసు రోడ్డు మీద లారీలు ఆగి, మద్రాసులోని పాల పశువుల కోసం గడ్డి కొనుక్కుపోవడం మొదలైంది. వాళ్ళు లారీల లెక్కన కొనేవారు. ఒక ఆడమనిషి ఇంత గింజ అమ్ముకుని ఒక మోపు గడ్డి కొంటానంటే రైతుల్లో వినేవాళ్ళు లేరు.

మే నెలలో కూలీల పల్లె మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోతుంటే ఏదో తేడా కనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది, ఇళ్ళ పక్కన గడ్డివాములు లేవు. మామూలుగా కోతకాలమంతా మోసుకొచ్చిన మోపుల గడ్డితో బర్రె ఉన్న ప్రతి ఇంటి పక్కనా ఒక చిన్న వామి ఉండేది. వానలు పడి పచ్చిక మొలిచే దాకా దాని మీదే పశువు బతికేది.

అదే రోజు నాయుడింట్లో వచ్చే పంటకు విత్తనాల సంగతి మాట్లాడుతుంటే పెంచలమ్మ బర్రెను తోలుకుని వచ్చింది. చూడి బర్రె డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పులికాట్ ఒడ్డున ఉప్పు గడ్డి మేపి మేపి దాని మూతి పగిలింది.

“అయ్యా, ఒక బండి గడ్డి ఇప్పించండి. నాట్లలో పనిజేసి తీర్చుకుంటా.”

“నా ఎద్దులకే చాలడం లేదు పెంచలమ్మా. పొట్టి వరి ఏసినాక నా వామి కూడా పొట్టిదైపోయినాది. నువ్వే చూడు.”

ఆమె చూసింది. ఆయన చెప్పింది నిజం. ఎప్పుడూ ఇంటి చూరును మించి ఉండే వామి ఆ ఏడు ప్రహరీ దాటలేదు.

“ఇంట్లో గింజ ఉండాది అయ్యా. ఎన్నడూ లేనంత ఉండాది. దీనికి గింజ పెట్టి బతికించలేను గదా.”

నాయుడు ఆలోచించాడు. “నా కొట్టంలో కట్టెయ్. నా ఎద్దులు తినే దాంట్లో దీనికీ పడతాది. ఈనినాక పాలు చెరిసగం. దూడ మేపినోళ్ళది. మన కాడ ఉండే పద్ధతే గదా.”

“దూడ కూడానా?”

“నేను పెట్టిన పద్ధతా?”

ఆయన పెట్టింది కాదు. పశువును పాలికి ఇస్తే మేపినవాడికి దూడ అన్నది ఆ చుట్టుపక్కల అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. పెంచలమ్మ కొట్టంలోకి తోలుకుపోయి బర్రెను కట్టేసింది. బయటికొచ్చి నన్ను చూసి, “నీ వరి బాగానే పండినాది నాయనా” అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. పండిన మాట నిజమే కదా అన్నట్టుగానే అంది.

ఆగస్టులో బర్రె ఈనింది. పెయ్య దూడ. పెంచలమ్మ రోజూ వచ్చి పాలు పితికి, తన సగం చెంబులో పోసుకుపోయేది. కాఫీ హోటలుకు సగం పాలు చాలవని వాళ్ళు వేరేచోట మాట్లాడుకున్నారు. ఇంత జరిగినా ఆ ఏడు ఆమె ఇంట్లో ఆకలి లేదు. అది కూడా చెప్పాలి. అంతకుముందు ఏళ్ళలో ఆషాఢం వచ్చేసరికి ఖాళీ అయ్యే కుండలు ఆ ఏడు నాట్ల దాకా వచ్చాయి. కూలి పెరిగిందని నేను మీటింగులో చెప్పింది అబద్ధం కాదు. బర్రె నాయుడి కొట్టంలో ఉండటం కూడా అబద్ధం కాదు.

అక్టోబరు వచ్చింది. నాయుడు ఈసారి తన మాగాణి మొత్తం పొట్టి వరికే దున్నించాడు. ఇంకో ఇద్దరి పొలం కౌలుకు తీసుకున్నాడు. నేను మైకు కట్టించి ఊరి నడిమధ్యన మరో ఉపన్యాసం ఇచ్చాను. ముఖ్యంగా ఒక సంగతి నొక్కి చెప్పాను: పాత వరి నారు నెలన్నర ముదిరినా నాటుకోవచ్చు, కొత్త వరి నారు అలా ఓర్చుకోదు, లేతగా ఉండగానే నాటాలి, ముదిరితే పిలకలు రావు, పంట సగం పోతుంది. రైతులు తలలూపారు.

నారు తీసే రోజున ముఠా వచ్చింది కానీ నారుమడిలో దిగలేదు. పెంచలమ్మ గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతోంది. నాయుడు కబురు చేస్తే నేనూ వెళ్ళాను.

“ఏంది పెంచలమ్మా, దిగరా?”

“దిగతాం అయ్యా. తొందర ఏముండాది?”

“తొందర లేకేమి, నారు ముదరతా ఉంటే.”

“అవునంట. ఈయన మైకులో చెప్పినాడు గదా. ఈ నారు ఓర్చుకోదంట. ముదిరితే సగం పోతాదంట. ఏం నాయనా, అట్నే గదా చెప్పినావు?”

నాయుడు మెల్లగా నావైపు తిరిగాడు. “సారూ, మైకులో చెప్పింది ఇదేనా?”

“రైతుల కోసమండీ” అన్నాను.

“మైకు గదా. అందరికీ వినపడినాది” అంది పెంచలమ్మ.

పెంచలమ్మ అడిగింది పెద్దదేమీ కాదు. గింజ పోయిన ఏడు కొలిచినట్టే కొలవాలి. దానితో బాటు కాలవ గట్టు పొడుగునా ఒక పట్టీ మొలగొలుకులు నాటాలి. దాని గింజ నాయుడిది, గడ్డి ముఠాది. నారు కూడా తెచ్చుకున్నారు, పక్క రైతు దగ్గర అడిగి. నాయుడు కోపంగా తువ్వాలు దులిపాడు. పొట్టి వరి ఎంత పండే నేల అది అన్నాడు. మంచి నేలను గడ్డికి ఇస్తారా అన్నాడు. మధ్యాహ్నం దాకా నారుమడి వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, “కాలవ గట్టు వారనే. ఒక్క మూర కూడా దాటకూడదు” అన్నాడు. ముఠా మడిలో దిగింది.

ఆ చేను ఆ ఏడు విత్తనం కోసం ఎంపికైంది. విత్తనపు చేలో ఇంకో రకం మొక్క ఒక్కటి కూడా ఉండకూడదు. కనిపిస్తే పీకెయ్యాలి, ఆ పనిని రోగింగ్ అంటారు. రోగానికీ దానికీ సంబంధం లేదు కానీ పరాయి మొక్క కనిపిస్తే అధికారులకు జ్వరం వచ్చేది. జనవరిలో జిల్లా నుంచి అధికారి జీపులో వచ్చాడు. చేనంతా నడుము ఎత్తున సమంగా ఉంది. కాలవ గట్టు వెంబడి మాత్రం భుజం ఎత్తున ఇంకో వరి, పొట్టివాళ్ళ ఫోటోలో వెనక నిలబడ్డ పొడుగువాళ్ళలా, వరసగా నిలబడి ఉంది.

“ఇదేమిటి?” అన్నాడాయన.

నేను ఏదైనా గౌరవంగా వినిపించే ఇంగ్లీషు పేరు కోసం వెతుక్కుంటున్నాను. నాయుడు తడుముకోకుండా చెప్పాడు.

“అది వరి కాదు సార్. కూలి.”

“వెంటనే పీకించండి.”

“పీకిస్తాను సార్. పీకితే మిగతా చేను కోసేదానికి మీ ఆఫీసు నుంచి మనుషుల్ని పంపించండి.”

అధికారి నన్ను చూశాడు. కొడవలి పట్టడంలో నా నైపుణ్యం నా ముఖం మీదే రాసి ఉన్నట్టుంది. ఆయన గట్టు పక్క కొంత మేర వదిలేసి లోపలి చేనే విత్తనానికి తీసుకోమన్నాడు. జీపు దాకా నడిచేటప్పుడు మాత్రం నాకు బాగా గడ్డి పెట్టాడు. ఆ గడ్డి ఏ బర్రెకూ పనికిరాలేదు.

ఫిబ్రవరిలో కోతలు సక్రమంగా జరిగాయి. పట్టీ గడ్డిని ముఠాలో బర్రెలున్నవాళ్ళు పంచుకున్నారు, లేనివాళ్ళు వాళ్ళ దగ్గర కొంత గింజ పుచ్చుకుని తమ వంతు వదులుకున్నారు. పెంచలమ్మ ఇంటి పక్కన మళ్ళీ వామి లేచింది. చిన్నదే, ఒక బర్రెకు సరిపోయేంత. కోతల చివర ఆమె నాయుడి ఇంటికి వచ్చినప్పుడు, దిగుబడి తూకాల కోసం నేనూ అక్కడే ఉన్నాను.

“బర్రెను తోలకపోతా అయ్యా.”

“తోలకపో. నీదే గదా.”

ఆమె కొట్టంలోకి వెళ్ళింది. బర్రె బాగా తేరుకుంది, డొక్కలు నిండి ఉంది. పక్కనే పెయ్య దూడ, నాయుడి మేతతో నున్నగా ఎదిగింది. బర్రె మెడతాడు విప్పుతూ పెంచలమ్మ దూడ నుదురు గోకింది.

“పెయ్య. తల్లి పోలికే” అంది.

నాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కొంచెం ఇబ్బంది కనిపించింది. “పద్ధతి పెంచలమ్మా” అన్నాడు.

“నేను కాదన్నానా అయ్యా?”

బర్రెను తోలుకుని వీధిలోకి వచ్చింది. మలుపు దగ్గర బర్రె ఆగి వెనక్కి తిరిగింది. కొట్టంలోంచి దూడ అరుస్తోంది. పెంచలమ్మ తాడు లాగింది, అది కదల్లేదు. ఆమె తిరిగి వచ్చి దాని మెడ మీద చెయ్యి వేసి, ఏదో చెబుతూ, నెమ్మదిగా నడిపించుకుపోయింది.

ఆ రెండు పంటలను నా ఉద్యోగం లెక్కన చూస్తే గొప్ప విజయం. ఎకరం దిగుబడి దాదాపు రెట్టింపైంది. కూలి పెరిగింది. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు, ఎవరి నోటి దగ్గర కూడూ ఎవరూ తియ్యలేదు. పెంచలమ్మ ఒక మెట్టు ఎక్కింది, నాయుడు మేడ ఎక్కాడు. పంట వచ్చిన మంచి ఏడే ఆమెకు ఒక వేసవి గడ్డి లేకుండా పోయింది. ఆ ఒక్క వేసవికి ఒక పెయ్య ఆయన కొట్టానికి చేరింది. మూడేళ్ళలో ఆ పెయ్య బర్రె అవుతుంది, దానికో పెయ్య పుడుతుంది. ఈ వడ్డీ నా తక్కెడలో ఎక్కడా కనిపించలేదు. ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. కాలవ గట్టు పట్టీ ఎన్నాళ్ళు నిలిచిందో తెలియదు. చుట్టూ ఉన్న చేలన్నీ పొట్టి వరిగా మారాక పట్టీకి నారు ఎక్కడ దొరుకుతుందని మాత్రం అప్పుడప్పుడూ అనుకునేవాణ్ణి.

తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, చాలా కొత్త విత్తనాలు మోశాను. ప్రతి ఊళ్ళోనూ ముందుగా గింజ సంగతి కాకుండా గడ్డి సంగతి అడిగేవాణ్ణి. గడ్డి ఎవరింటికి పోతోంది, ఏ పద్ధతి మీద పోతోంది, అది ఆగిపోతే ఎవరి పశువు ఎవరి కొట్టానికి చేరుతుంది అని. ఈ ప్రశ్నలకు కొందరు రైతులు నవ్వారు, కొందరు అధికారులు నేను గడ్డి తినడం మొదలుపెట్టానేమోనని అనుమానించారు. అయినా అడగడం మానలేదు. పాత పంట ఊళ్ళో ఒక్క పనే చెయ్యదు. తిండి పెడుతుంది, పశువును నిలబెడుతుంది, కూలిని కొలుస్తుంది, ఎవరికి ఎంత అన్న మాటను తగువు లేకుండా తేలుస్తుంది. కొత్త పంట వాటిలో ఒక పనిని రెట్టింపు బాగా చేసి మిగతావాటిని వదిలేస్తుంది. వదిలేసిన ఆ పనులు ఎక్కడికీ పోవు. వాటి భారం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, సాధారణంగా మోపు మోసే నెత్తి మీదే.